ఇష్టలింగమే ఇష్టముగా – అక్కమహాదేవి చరితము

ప్రతిదినము ప్రాతఃకాలమున స్నానము ముగించి, విభూతి ధరించి, ఎడమ అరచేతిలో ఇష్టలింగమును నిలుపుకొని కూర్చుండునప్పుడు మన మనస్సులో మొదట మెదలునది ఏమి? ప్రతి శరణబంధువు తనకు తాను వేసికొనవలసిన ప్రశ్న ఇది. కుమార్తెకు మంచి సంబంధము కుదరవలెనని ఒక తల్లి కోరును. కుమారునకు ఉద్యోగము దొరకవలెనని ఒక తండ్రి కోరును. వానలు సకాలమున కురియవలెనని రైతు, మంచము పట్టిన మనిషి లేచి తిరుగవలెనని ఇల్లాలు కోరుదురు. పెదవులపై పంచాక్షరి నడచుచుండగనే లోపల ఈ కోరికల వరుసయు నడచుచుండును.

ఇది తప్పా? కోరికతో చేయు పూజ బేరము వంటిదని కొందరు పెద్దలందురు. దేవుని అడుగక మరి ఎవరిని అడుగుదుమని ఇంకొందరందురు. రెండు మాటలలోను కొంత నిజమున్నది. కాని కోరిన కోరిక తీరనప్పుడు ఈ ప్రశ్న మరింత బరువెక్కును. ఏండ్ల తరబడి నియమము తప్పక లింగార్చన చేసిన ఇంటిలోనే అనుకోని కష్టము వచ్చి పడును. అప్పుడు పూజ మీద మనసు విరుగును. చేతిలో లింగముండియు హృదయము ఖాళీ అగును. అట్టి దినములు ఎరుగని కుటుంబము మనలో అరుదు.

మన ఆచారమున అరచేతిలోని లింగమునకు ఇష్టలింగమని పేరు. ఇష్టమును తీర్చునది అని దానికొక అర్థము చెప్పుకొనవచ్చును. మనకు ఇష్టమైనది అని మరియొక అర్థమును చెప్పుకొనవచ్చును. మొదటి అర్థమును పట్టుకొని నడచువారు అనేకులు. రెండవ అర్థమును తన బ్రతుకుతో నిరూపించి చూపినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో అగ్రగణ్యురాలు అక్కమహాదేవి. ఆ తల్లి జీవితమును ఒకసారి నెమ్మదిగా తలచుకొన్నచో మన ప్రశ్నకు సమాధానము దొరకును.

ఉడుతడి గ్రామము

నేటి కర్ణాటక రాష్ట్రమున శివమొగ్గ జిల్లా, శికారిపుర తాలూకాలో ఉడుతడి అను గ్రామము కలదు. దానికి సమీపముననే బళ్ళిగావె ఉన్నది. ఒకప్పుడు విద్యకును, శిల్పమునకును, మఠములకును నిలయమైన గొప్ప పట్టణమది. అల్లమప్రభువు జన్మస్థానము కూడ అదియేనని పరంపరగా చెప్పుదురు. అట్టి శివభక్తి సంపన్నమైన సీమలో 12వ శతాబ్దిన మహాదేవి జన్మించెను. తల్లిదండ్రులు సుమతి, నిర్మలులని చామరస కవి ప్రభులింగలీలలో తెలిపెను. అంతకు ముందే హంపి విరూపాక్షుని భక్తుడైన హరిహర కవి ఆమె చరిత్రను రగడగా రచించెను. ఈ ఇరువురి గ్రంథములును, తరువాతి శూన్యసంపాదనయు, ఆమె వచనములును మనకు ఆధారములు.

చిన్ననాటనే మహాదేవికి లింగదీక్ష లభించెను. ఆ వయసున పిల్లలకు బొమ్మలు ఎట్లో ఆమెకు లింగమట్లయ్యెను. పూలు కోసి తెచ్చుట, లింగమునకు అర్పించుట, చూచుచు కూర్చుండుట, ఇదియే ఆమెకు ఆటయు, పాటయు. ఇందులో ఒక విశేషమును గమనింపవలెను. ఆమె భక్తి భయమునుండి పుట్టినది కాదు, అక్కరనుండియు పుట్టినది కాదు. ఇంటిలో కొరత లేదు, ఒంటిలో రోగము లేదు. చూచినకొలది చూడవలెననిపించు సౌందర్యము ఆమెను పట్టి లాగెను. ఆ సౌందర్యమునకు ఆమె పెట్టుకొన్న పేరు చెన్నమల్లికార్జునుడు. చెన్న అనగా కన్నడమున అందమైన వాడని అర్థము. మన తెలుగున చెన్ను, చెన్నుడు అను మాటలు ఆ కోవలోనివే. ఆ మల్లికార్జునుడు మరెవరో కాడు, మన శ్రీశైలమున వెలసిన స్వామియే. ఎచ్చటి ఉడుతడి, ఎచ్చటి శ్రీశైలము! కొండను కన్నులతో చూడక ముందే కొండమీది దేవుడు ఆమె ఇంటివాడయ్యెను. ఆమె వచనములన్నియు ఆ పేరుతోనే ముగియును. అదియే ఆమె అంకితముద్ర.

మొదటి కోరిక తీరలేదు

మహాదేవి యౌవనవతి అయ్యెను. ఆమె రూపము అసామాన్యమైనది. ఆ ప్రాంతమునేలు కౌశికుడను రాజు ఒకనాడు ఊరేగింపులో వచ్చుచు ఆమెను చూచి మోహించెను. మంత్రులను పంపి వివాహమునకు కబురు చేసెను. అతడు లింగధారి కాడు, అన్యమతస్థుడు. మహాదేవి అప్పటికే తన మనస్సును మల్లికార్జునునకు అర్పించి వేసియుండెను. లింగమే పతి, తాను సతి అను భావము ఆమెకు శాస్త్రము చదివి తెలిసినది కాదు, సహజముగ కలిగినది. ఆమె అంగీకరించలేదు. అప్పుడు రాజశక్తి తన రెండవ ముఖమును చూపెను. కాదన్నచో తల్లిదండ్రుల ప్రాణములకే ముప్పు వచ్చు పరిస్థితి ఏర్పడెను.

ఇక్కడ కవులు ఇరువురును రెండు విధములుగ చెప్పిరి. హరిహరుని కథనమున మహాదేవి తల్లిదండ్రులను కాపాడుటకై కొన్ని నియమములు పెట్టి వివాహమునకు ఒప్పుకొనెను. తన ఇచ్చ వచ్చినట్లు లింగపూజ చేసికొనుటకును, మాహేశ్వరుల సాంగత్యమున ఉండుటకును, గురుసేవ చేయుటకును అడ్డు చెప్పరాదు. మూడు తప్పులవరకు సహింతును, ఆపై ఉండనని ఆమె ఒడంబడిక. చామరసుని కథనమున వివాహమే జరుగలేదు. ఆమె రాజమందిరమునకు వెళ్లినను, అతడు మాట తప్పగానే వెలువడి వచ్చెను.

ఏ కథనమును గైకొన్నను ఒక సత్యము స్పష్టము. మహాదేవి తన జీవితమున చేసిన మొదటి పెద్ద ప్రార్థన ఫలించలేదు. ఈ బంధము తనకు రాకుండవలెనని ఆమె కోరెను, కాని అది వచ్చెను. అంతటి భక్తురాలి మొర ఆలకించిన దేవుడు రాజు మనస్సును ఒక్క క్షణములో మార్చివేసెనని ఈ కవులు చెప్పలేదు. మనమైనచో ఆ దినమే లింగము మీద అలిగియుందుము. ఇన్నాళ్లు చేసిన పూజకు ఫలమిదియా అని అడిగియుందుము.

ఆమె ఏమి చేసెను? రాజమందిరమున ఉండియు పూజ మానలేదు. ఆభరణములు, పరిచారికలు, సంపద చుట్టును ఉన్నవి. వానిలో ఆమెకు రుచి పుట్టలేదు. లింగమును చూచునప్పటి ఆనందము మాత్రము ఉడుతడి ఇంటిలో ఎట్లుండెనో ఇచ్చటను అట్లే ఉండెను. దీనిని మనము లోతుగ ఆలోచింపవలెను. కోరిక తీరిన తరువాత వచ్చు ఆనందమైనచో, కోరిక తీరనప్పుడు అది పోయియుండవలెను. కాని పోలేదు. ఏలయన ఆమె ఆనందమునకు మూలము కోరిన వస్తువులో లేదు. అది కోరబడిన వానిలోనే ఉన్నది. కోరికకంటె ముందే ఆనందము పుట్టియున్నది.

ఒక్కొక్కటిగ మూడు నియమములును భంగమయ్యెను. ఒడంబడిక తీరెను. మహాదేవి మాటపట్టున నిలిచినది గాని తొందరపడి పారిపోలేదు. సమయము వచ్చినప్పుడు మాత్రము ఒక్క క్షణము ఆగలేదు. రాజు ఇచ్చిన నగలను, చివరకు వస్త్రమును సైతము అక్కడనే విడిచి, తన నిడుపాటి కేశములే ఆచ్ఛాదనముగ బయలుదేరెను. లోకము ఆశ్చర్యపడెను, అపహసించెను. ఆమె కన్నులు మాత్రము దారి మీదనే ఉండెను.

దారిలో

ఒంటరిగ ఒక యువతి ఆ కాలమున ఊళ్లు దాటి, అడవులు దాటి నడచుట ఎంతటి సాహసమో తలచుకొనుడు. ఆకలియైన ఊరిలో భిక్ష, దాహమైన చెరువు నీరు, నిద్ర వచ్చిన పాడుపడిన గుడి. శరీరమునకు కావలసినవి ఇంతియే. తోడు కావలెనన్నచో లోపల మల్లికార్జునుడున్నాడు. ఈ ప్రయాణములోనే ఆమె వచనములలో కొన్ని పుట్టియుండును. ఆ వచనములలో మొర ఉన్నది, అలుక ఉన్నది, వేడుకోలున్నది. ఆమె అడుగని భక్తురాలు కాదు. ఎడతెగక అడిగెను. అయితే అడిగిన వస్తువు మాత్రము మారిపోయెను. ధనము, రక్షణము, కీర్తి, సుఖము ఏదియు ఆ పట్టికలో లేదు. తనలోని నేను అను పట్టు వదలవలెను, నీవు తప్ప నాకు మరొకటి రుచింపరాదు అనునదే ఆమె వేడుకోలు. అడవిలో కనబడిన చిలుకలను, కోయిలలను, తుమ్మెదలను సైతము తన స్వామిని చూచితిరా అని అడుగుచు తిరిగిన విరహిణి ఆమె.

కోరికను చంపుకొనుమని అనేకులు బోధింతురు. అక్కమహాదేవి కోరికను చంపలేదు. వందపాయలుగ చీలి పారు ఏటిని ఒక్క పాయగ కట్టిన రైతువలె, ఆమె తన కోరికలన్నిటిని ఒక్క కోరికగ చేసెను. నీరు తగ్గలేదు, వేగము పెరిగెను.

కల్యాణమున పరీక్ష

ఆ దినములలో కల్యాణపట్టణమున కలచురి బిజ్జలుడు పాలించుచుండెను. అతని కొలువున భండారియైన బసవేశ్వరుడు శరణులకు ఆశ్రయమై, కులభేదము లేని కొత్త సమాజమును నిర్మించుచుండెను. నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణమే ఆ పట్టణము. 1956 వరకు అది మన హైదరాబాద్ రాష్ట్రములోనిదే. అచ్చటి అనుభవమంటపమున చెప్పులు కుట్టువారు, పడవ నడుపువారు, బట్టలుతుకువారు, రాజోద్యోగులు ఒక్క పంక్తిలో కూర్చుండి శివానుభవమును చర్చించిరి. నీలాంబిక, గంగాంబిక, అక్కనాగమ్మ, ఆయ్దక్కి లక్కమ్మ, సత్యక్క వంటి స్త్రీలును వారిలో నుండిరి. ఆ సభకు అధ్యక్షుడు అల్లమప్రభువు.

మహాదేవి అట్టి కల్యాణమునకు వచ్చెను. పట్టణపు వెలుపలనే కిన్నరి బొమ్మయ్య అను శరణుడు ఆమె వైరాగ్యమును పరీక్షించి, తలవంచి, సభకు తోడ్కొని వచ్చెనని శూన్యసంపాదన చెప్పును. సభలో అల్లమప్రభువు ఆమెను వెంటనే ఆదరించలేదు. కఠినమైన ప్రశ్నలు వేసెను. నీ పతి ఎవరని అడిగెను. శరీరాభిమానము పోయినచో ఆ శరీరమును కేశములతో ఏల కప్పుకొంటివని అడిగెను. సభయంతయు నిశ్శబ్దమయ్యెను.

మహాదేవి తొట్రుపడలేదు. తన పతి మల్లికార్జునుడేనని, మిగిలిన లోకబంధములు తనకు లేవని తెలిపెను. కేశములు తన సిగ్గును దాచుటకు కావని, చూచు ఇతరుల మనసు నొవ్వకుండుటకని వినయముగ విన్నవించెను. ఈ సమాధానములో ఎంత ఔన్నత్యమున్నదో చూడుడు. భగవదానందమున మునిగినవారు లోకమును మరతురని మనము తలతుము. ఆమె మరువలేదు. తనకు అక్కరలేనిదానిని ఎదుటివారి మేలుకొరకు ఉంచుకొనెను. దేవునియందు నిజముగ ఆనందము దొరకినదా, లేదా అని తెలిసికొనుటకు ఇదియే గుర్తు. ఆ ఆనందము మనిషిని కఠినునిగ చేయదు, మృదువుగ చేయును.

ప్రభుదేవుడు సంతసించెను. బసవేశ్వరుడు, చెన్నబసవేశ్వరుడు, సభలోని వృద్ధ శరణులు అందరును ఆ చిన్న వయసు యువతిని అక్క అని పిలిచిరి. వయసుచే కాదు, అనుభవముచే ఆమె పెద్ద అయ్యెను. ఆనాటినుండి నేటివరకు మన కుటుంబములన్నిటికి ఆమె అక్కయే.

ఇల్లు విడువవలెనా?

ఈ కథ చదివిన గృహస్థులకు ఒక సందేహము కలుగవచ్చును. దేవునియందు ఆనందము పొందవలెనన్నచో అక్కవలె సమస్తమును విడువవలెనా? పిల్లలు, పొలము, దుకాణము, ఉద్యోగము ఉన్నవారి గతి ఏమి?

ఈ సందేహమునకు సమాధానము అదే అనుభవమంటపమున ఉన్నది. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుకొని, వండి, జంగమదాసోహము చేయుచుండెడివారు. ఒకనాడు మారయ్య అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. మనకు కావలసినదానికంటె ఎక్కువ తెచ్చుట ఆశయగునని చెప్పి, మిగిలినదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మని పంపెను. వారు ఇల్లు విడువలేదు, పొయ్యి ఆర్పలేదు. కాని కోరిక ఎచ్చట ఆగవలెనో వారికి తెలియును. బసవేశ్వరుడును గృహస్థుడే. కాయకము, దాసోహము అను రెండు మార్గములను ఆయన మనకు చూపినది సంసారమున నిలుచుటకే.

కాబట్టి అక్క మనకు నేర్పునది ఇల్లు విడుచుట కాదు. ఆమె విడిచినది ఇంటిని కాదు, తన ఆనందమునకు అడ్డు వచ్చినదానిని. ఉడుతడి ఇంటిలోనే ఉండి ఆమె పూజించిన దినములలో ఆమె భక్తికి కొరత లేదు. కోరినవి ఎక్కువ అగుటచేత కాదు, కోరినవాటి మధ్య కోరదగినవాడు మరుగగుటచేతనే మన పూజ ఎండిపోవుచున్నది. లక్కమ్మ ఇంటిలో అట్టి ఎండ రాలేదు.

శ్రీగిరి పిలుపు

కల్యాణమున శరణుల సాంగత్యము, గౌరవము అక్కకు సమృద్ధిగ లభించెను. ఆమె అచ్చటనే ఉండిపోవచ్చును. కాని ఆమె ప్రాణము శ్రీగిరి మీదనే ఉన్నది. శరణుల అనుమతి గైకొని ఆమె శ్రీశైలమునకు బయలుదేరెను. హరిహరుని కథనమున ఆమె ఉడుతడినుండి నేరుగ శ్రీశైలమునకే వచ్చెను. తల్లిదండ్రులును, తుదకు కౌశికుడును అచ్చటికి వచ్చి తిరిగి రమ్మని ప్రార్థించిరని, ఆమె కదలలేదని ఆ కవి వర్ణించెను. ఆ దృశ్యమును ఊహించుకొనుడు. ఒకప్పుడు అధికారముతో కోరిన రాజు ఇప్పుడు వేడుకొనువాడై వచ్చెను. లోకము ఇచ్చు సమస్తమును మరల ఆమె ముందుంచబడెను. ఆమె మనస్సున ద్వేషము లేదు, ఊగిసలాట లేదు. నిండిన కుండకు మరి నీరు పట్టదు.

శ్రీశైలము తెలుగువారికి పరిచయము చేయనక్కరలేని క్షేత్రము. ద్వాదశ జ్యోతిర్లింగములలో ఒకటి, అష్టాదశ శక్తిపీఠములలో ఒకటి అచ్చట కలసి వెలసినవి. నల్లమల అడవుల నడుమ, లోయలో పాతాళగంగ అను పేర పారు కృష్ణానది ఒడ్డున ఆ గిరి నిలిచియున్నది. పాతాళగంగనుండి పడవలో ఎగువకు పోయినచో, నేటి తెలంగాణ రాష్ట్రపు ఒడ్డున అక్కమహాదేవి గుహలు కలవు. గుహముందు ప్రకృతి తానే నిలిపిన రాతితోరణము కనబడును. లోపల దారి ఇరుకైనది, చీకటిది. ఒంగి, ఒదిగి, ఒక్కొక్కరుగ పోవలసినదే. చివర శివలింగము దర్శనమిచ్చును. అక్క అచ్చట తపస్సు చేసెనని పరంపర. ఆ గుహలోనికి పోయినవారికి ఒక సంగతి బోధపడక మానదు. చేతినిండ మూటలతో ఆ దారిన పోజాలము. మూటలు వెలుపల ఉంచియే లోపలికి పోవలెను.

ఆ సమీపమునందలి కదళీవనమున అక్కమహాదేవి మల్లికార్జునునియందు ఐక్యమయ్యెనని శరణ సంప్రదాయము. అప్పటికి ఆమె వయసు చాల చిన్నది. శరణులు కదళి అను మాటను దేహమునకు, సంసారమునకు సంకేతముగ కూడ వాడిరి. ఆ వనమును దాటుట అనగా ఈ రెంటిని గెలుచుట. భక్తస్థలమున ఆరంభమైన నడక షట్‌స్థలములను దాటి ఐక్యస్థలమున ముగిసెను. ఉడుతడి ఇంటిలో పూలు కోసిన చిన్నపిల్ల కోరిన ఒక్క కోరిక అచ్చట తీరెను. మధ్యలో ఎన్ని కోరికలు తీరకపోయినను ఆ ఒక్కటి తీరెను.

తెలుగునాట అక్క స్మృతి

కన్నడ సీమలో పుట్టిన అక్క తెలుగు గడ్డమీద ఐక్యమగుట మనకు గొప్ప బంధుత్వము. పాల్కురికి సోమనాథ కవి పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమను పేర శ్రీశైల మహిమనే ఒక పెద్ద భాగముగ రచించెను. చామరసుని ప్రభులింగలీలను పిడుపర్తి సోమన తెలుగు చేసెను. అందుచేత అల్లమప్రభువు కథతోపాటు అక్క కథయు మన ఇండ్లలో పురాణముగ వినబడెను. తాళపత్రములలో చెదరియున్న వచనములను ఊరూర తిరిగి సేకరించి, 1923లో వచనశాస్త్రసారమును వెలువరించిన ఫ.గు. హళకట్టి మహాశయుని (1880–1964) కృషివలన శరణుల వాణి నేటి తరమునకు అందినది. అక్క వచనములు మూడు వందలకు మించి నేడు లభించుచున్నవి. త్రిపదులలో కూర్చిన యోగాంగత్రివిధి అను గ్రంథమును ఆమె పేర ఉన్నది.

ప్రతి సంవత్సరము ఉగాదికి కర్ణాటకమునుండి వేలాది భక్తులు కాలినడకన శ్రీశైలమునకు వచ్చుట మన మెరుగుదుము. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగను, మల్లన్నను తమ అల్లునిగను వారు భావింతురు. చీర సారెలతో వచ్చు ఆ జనమును చూచినప్పుడెల్ల, దేవుని ఇంటివానిగ చేసికొనుట అనగా ఏమో తెలియును. అక్క మార్గమున సామాన్యులు నడచు నడక అది. ఆ యాత్రికులలో కోరికలు లేనివారు ఎవరు? కాని వారు కోరికలతో మాత్రమే రారు, ప్రేమతో వత్తురు. అడుగులు బొబ్బలెక్కినను పాట ఆగదు.

మనమేమి చేయవలెను?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలి వత్తము. లింగము ముందు కోరికలు చెప్పుకొనుట తప్పు కాదు. బిడ్డ తల్లిని అడుగును. తల్లి ఇచ్చిననాడును, ఈయని నాడును తల్లియే. కాని బిడ్డకు తల్లి మీద ప్రేమ మిఠాయివలన పుట్టినచో, మిఠాయి లేనినాడు తల్లియు లేనట్లగును. మన భక్తి ఆ స్థితిలో ఉండరాదు.

పూజకు కూర్చున్నప్పుడు మొదట ఏమియు అడుగక కొంతసేపు లింగమును చూచుట అలవాటు చేసికొందము. కన్ను లింగముపై, మనస్సు కన్నుపై నిలిచినంతసేపు నిలుపుదము. ఆ చూపులో కొంచెము తీపి పుట్టును. అది ఒక దినము పుట్టకపోవచ్చును, పది దినములకు పుట్టును. ఆ తీపి పుట్టిన తరువాత మన కోరికలను ఒక్కొక్కటిగ దాని ముందు పెట్టుదము. అప్పుడొక వింత జరుగును. కొన్ని కోరికలు ఆ వెలుగులో నిలువజాలక తామే రాలిపోవును. పొరుగువానిమీద పంతము, అక్కరకు మించిన ఆశ, పరువుకొరకు పడు ప్రయాస అట్టివి. కొన్ని కోరికలు నిలుచును. రోగికి స్వస్థత, బిడ్డకు మంచి బుద్ధి, ఆకలిగొన్నవానికి అన్నము అట్టివి. నిలిచినవానిని ధైర్యముగ అడుగుదము. అడిగి, కాయకమున మన వంతు మనము చేయుదము. ఫలించినచో ప్రసాదముగ గైకొందము. ఫలింపనినాడు ఉడుతడి కన్యను తలచుకొందము. ఆమె మొదటి మొర ఫలింపకపోయినను ఆమె లింగమును చేయి విడువలేదు, లింగమును ఆమెను విడువలేదు.

తల్లులు తమ పిల్లలకు దీక్ష ఇప్పించునప్పుడు దేవుడు మార్కులిచ్చును, ధనమిచ్చును అని మాత్రమే చెప్పక, ఈ దేవుడు ఎంత చెన్నైనవాడో చూడు అని ఒకసారి చూపవలెను. మఠములలోని స్వాములు ఉపదేశములలో అక్క చరిత్రను చెప్పునప్పుడు ఆమె విడిచినవానిని మాత్రమే గాక, ఆమె పొందినదానిని కూడ వివరింపవలెను. అది తెలియనిచో ఆమె జీవితము కేవలము కష్టాల కథగ మిగులును. నిజమునకు అది ఒక ఆనంద చరిత్ర.

రేపటి ఉదయమున ఇష్టలింగమును అరచేత నిలిపినప్పుడు ఒక్క క్షణము ఆ పేరును తలచుకొందము. ఇష్టములను తీర్చు లింగమని వచ్చినవారము, ఇష్టమే లింగమైన దారిలో ఒక్క అడుగైనను వేయుదము. అక్క నడచిన దారి అదే. ఆ దారికి చివర మల్లికార్జునుడు ఉన్నాడు, మొదటను ఆయనయే ఉన్నాడు.

శరణు శరణార్థి.